ఏ ఫేజర్ తీసుకోవాలి? స్టార్ ట్రెక్ అభిమానులకు ఒక ఎంపిక సలహా

ఫేజర్ అంటే స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో అంతరిక్ష నౌక మనుషులు వాడే కిరణాల ఆయుధం. దాని నకలు, అంటే రెప్లికా, కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, "ఏది అచ్చం సీరియల్‌లో ఉన్నట్టే ఉంటుంది?" అని. నేను తిరిగి ఇంకోటి అడుగుతాను. ఇంటికి వచ్చాక అది ఎక్కడుంటుంది? అద్దాల బీరువాలోనా, మీ నడుముకా, పిల్లల చేతిలోనా, లేక సగం రంగు వేసి మీ పనిబల్ల మీదా? ఈ నాలుగు చోట్లకి నాలుగు వేర్వేరు ఫేజర్లు కావాలి. అన్నిటికీ సరిపోయేది ఒకటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఫేజర్‌ని తుపాకీ అనుకుని ఎంచుకుంటే పొరపాటు పడతారు. సీరియల్ కంటే ముందు నమూనాగా పైలట్ ఎపిసోడ్ తీసినప్పుడు పాత్రల చేతుల్లో ఉన్నవాటిని లేజర్లు అనే అన్నారు. నిజం లేజర్ 1960లోనే ప్రయోగశాలలో వెలిగింది. రేపు ఎవరో లేచి "లేజర్ ఇలాంటి పనులు చేయలేదు" అంటే ఏం చెప్పాలని సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ బృందం ఆలోచించి, 1966లో సీరియల్ ప్రసారమయ్యే నాటికి పేరును ఫేజర్‌గా మార్చేసింది. పేరు మారాక దానికి హద్దులు పోయాయి. మొదటి సీజన్‌లోనే 'ది ఎనిమీ వితిన్' అనే ఎపిసోడ్‌లో గడ్డకట్టే చలిలో చిక్కుకున్న నౌక చోదకుడు సులు, ఫేజర్‌తో బండరాళ్లను కాల్చి ఆ వేడికి చేతులు కాచుకుంటాడు. 'ది కాన్షెన్స్ ఆఫ్ ది కింగ్'లో నౌక కెప్టెన్ కర్క్ గదిలో ఎవరో దాచిపెట్టిన ఫేజర్ ఓవర్‌లోడ్ అయి బాంబులా తయారవుతుంది. అదే ఫేజర్ మనిషిని చంపకుండా స్పృహ మాత్రం తప్పించగలదు. దాన్నే స్టన్ అంటారు. అంటే ఫేజర్‌లో అసలు సంగతి ట్రిగ్గర్ కాదు, దాన్ని ఎంత మీద పెట్టారన్నది. చేతిలోకి తీసుకున్నాక ఆ సెట్టింగ్ మార్చడం మీ వేలికి తెలియాలి. నేను ఏ రెప్లికానైనా ముందు చూసేది ఇదే.

పాత సీరియల్ ఫేజర్

1966 నుంచి 1969 దాకా వచ్చిన మొదటి సీరియల్ ఫేజర్ నిజానికి ఒక వస్తువు కాదు, రెండు. అరచేతిలో ఇమిడిపోయే చిన్నది ఫేజర్ 1. పిడి ఉన్న పెద్దది ఫేజర్ 2. చిన్నదాన్ని పెద్దదాని పైభాగంలో కూర్చోబెడితే రెండూ కలిసి పిస్తోలు అవుతాయి. ఎవరినైనా కలవడానికి మర్యాదగా వెళ్లేటప్పుడు చిన్నది చాలు, ప్రమాదం ఉందనుకుంటే పెద్దది. ఈ ఒక్క ఆలోచనతోనే ఆ కథలోని మనుషులు ఎలాంటివాళ్లో సగం అర్థమవుతుంది.

గీసింది మ్యాట్ జెఫ్రీస్, ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకకు రూపం ఇచ్చింది కూడా ఆయనే. దానికి మెరుగులు దిద్ది చేతితో తయారుచేసింది వా చాంగ్. హోనొలులులో పుట్టిన చైనా మూలాల శిల్పి. యవ్వనంలో పోలియో వచ్చి, ఆ తర్వాత కాళ్లకు ఆధారాలతో నడిచిన మనిషి. దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడే కమ్యూనికేటర్, చుట్టూ ఏముందో పసిగట్టే ట్రైకార్డర్, గోర్న్ అనే బల్లి జీవి వేషం కూడా ఆయన చేతివే. ఫేజర్ మొన దగ్గరి పారదర్శకమైన అక్రిలిక్ ముక్క, పక్కనున్న గుండ్రటి మర, వెండిరంగు పిడి, వీటిని దగ్గరగా చూస్తే అరవై ఏళ్ల కిందట ఒక మనిషి పనిబల్ల ముందు ఎంత ఓపిగ్గా కూర్చున్నాడో తెలుస్తుంది.

కొనేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి ఇక్కడుంది. షూటింగ్‌కు అన్నీ ఒకే నాణ్యతతో చేయలేదు. దగ్గరి షాట్ల కోసం కదిలే భాగాలున్నవి కొన్నే చేశారు, వాటిని హీరో ప్రాప్ అంటారు. కాస్త దూరం నుంచి కనిపించడానికి ఫైబర్‌గ్లాస్‌వి, పరుగులకీ కొట్లాటలకీ ఇంకా తేలికవి. అందుకే అభిమానుల మధ్య రంగు మీదా కొలతల మీదా వాదన ఎప్పటికీ తెగదు. ఒకరు చూసిన ఫ్రేములో హీరో ప్రాప్ ఉంటుంది, ఇంకొకరు చూసిన ఫ్రేములో ఫైబర్‌గ్లాస్‌ది ఉంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. రెప్లికా కొనేటప్పుడు "ఇది అసలుదానిలా ఉందా" అని కాకుండా "ఇది ఏ అసలుదానిలా ఉంది" అని అడగండి. అమ్మేవాడికి ఆ ప్రశ్న అర్థం కాకపోతే అతను చెప్పే ధర గురించి మళ్లీ ఆలోచించండి.

ఈ రకంలో నేను చూసినవాటిలో మంచిది బ్రిటన్‌కు చెందిన ది వాండ్ కంపెనీ 2014లో తెచ్చింది. మోడల్ మేకర్ గ్రెగ్ జీన్ దగ్గర మిగిలిన హీరో ఫేజర్‌ను త్రీడీ స్కాన్ చేసి దాన్నిబట్టి కొలతలు తీసుకున్నారు. చిన్న ఫేజర్ విడిగా వస్తుంది, మర తిరుగుతుంది, మోగుతుంది, చేతిలో వణుకుతుంది. పైగా అది టీవీ రిమోట్. మీ ఇంట్లో రిమోట్ ఇచ్చే ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలను నేర్చుకుని, చేతిని తిప్పినా ఊపినా వాల్యూమ్, ఛానల్ మారుస్తుంది. రిమోట్‌గా రోజూ వాడతామా అంటే, నేను రెండు వారాలు వాడి మామూలు రిమోట్‌కే తిరిగొచ్చాను. కానీ బీరువాలో పెట్టుకోవడానికి ఇంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు. ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి. పాతది కొంటుంటే మూడు అడగండి. చిన్న ఫేజర్ గట్టిగా కూర్చుంటోందా, బ్యాటరీ ఛార్జి నిలుస్తోందా, అక్రిలిక్ మొన మీద గీతలున్నాయా. ఫోటో చాలదు, వీడియో పంపమనండి.

ఆర్ట్ ఎసైలం పేరుతో వచ్చి, తర్వాత డైమండ్ సెలెక్ట్ పేరుతో నడిచిన ప్లాస్టిక్ ఫేజర్ దీనికంటే చాలా తక్కువలో దొరుకుతుంది. లైట్లు, శబ్దాలు ఉంటాయి. బరువు లేదు, అతుకుల గీతలు కనిపిస్తాయి. కానీ మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది దీని గురించే. ఓపిక ఉంటే అతుకులు సానబట్టి మళ్లీ రంగు వేసుకోవచ్చు. నా బల్లమీద ఉన్నది అలా చేసిందే.

నెక్స్ట్ జెనరేషన్ ఫేజర్

1987లో 'ది నెక్స్ట్ జెనరేషన్' పేరుతో వచ్చిన కొత్త సీరియల్‌కి ఆయుధాలు తుపాకుల్లా కనపడకూడదని అనుకున్నారు. దాంతో వంపు తిరిగిన, ట్రిగ్గర్ లేని, బొటనవేలితో బటన్ నొక్కే ఫేజర్ పుట్టింది. అమెరికాలో ఇళ్లల్లో వాడే చేతి వాక్యూమ్ క్లీనర్‌ని పోలి ఉందని అభిమానులు దానికి డస్ట్‌బస్టర్ అని పేరు పెట్టుకున్నారు. అరచేతిలో దాచుకునే ఇంకా చిన్నదానికి క్రికెట్ అని, అంటే కీచురాయి అని. ఆ చిన్నది మొదటి సీజన్ల తర్వాత పెద్దగా కనపడదు.

దీని మీద ఎప్పుడూ వినిపించే ఫిర్యాదు గురి గురించి. కిరణాన్ని షూటింగ్ అయ్యాక గీస్తారు. నటుడి మణికట్టు ఒక వైపు తిరిగి ఉంటే, కిరణం ఇంకో వైపు పోతున్నట్టు కొన్ని సన్నివేశాల్లో కనిపిస్తుంది. గురి చూసుకోవడానికి పైన ఏమీ లేదు. ఆయుధంగా చూస్తే ఇది లోపమే. కానీ నా అభిప్రాయం వేరు. చేతిలో పట్టుకుని నిలబడితే ఎవరినీ బెదిరించినట్టు ఉండదు. ఏదో పనిముట్టు పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ నౌకలో ఉన్నవాళ్లు సైనికులకంటే ఎక్కువగా పరిశోధకులని ఆ ఒక్క వంపు చెబుతుంది.

సెట్టింగుల విషయంలో ఇది పాతదానికంటే ముందుంది. రిక్ స్టెర్న్‌బాక్, మైకేల్ ఒకుడా 1991లో రాసిన సాంకేతిక కరదీపిక ప్రకారం టైప్ 2కి, అంటే ఈ పెద్దదానికి, 16 స్థాయిలు. మొదటి మూడూ స్టన్. చివరిది కట్టడాలను కూల్చేంత. ప్రాప్ మీద స్థాయి చూపించే చిన్న లైట్ల వరుస ఉంటుంది. ఆ వరుస వెలగని రెప్లికా కొనకండి. అది లేకపోతే మిగిలేది బూడిదరంగు ప్లాస్టిక్ ముద్దే.

మూడో సీజన్ నుంచి దీని రూపం మారింది. తర్వాతి స్టార్ ట్రెక్ సీరియళ్లు డీప్ స్పేస్ నైన్‌లో, వాయేజర్‌లో కనిపించేవీ ఇదే కుటుంబం. మీకు ఈ సీరియల్ కెప్టెన్ పికార్డ్ మొదటి రోజులు ఇష్టమా, తర్వాతివా అన్నది తేల్చుకున్నాకే కొనండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లేమేట్స్ కంపెనీ 1990లలో చేసిన బొమ్మలు పాతసామాను అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి. పిల్లలకి అవి చాలు. వేషం వేసుకునేవాళ్లకు మాత్రం డైమండ్ సెలెక్ట్‌ది నయం.

మిగిలినవి, కొంచెం త్వరగా

సినిమాల్లో నాకు ఇష్టమైనది 1989లో ఐదో సినిమాకి చేసి, 1991లో ఆరో సినిమాలో కూడా వాడిన నల్లటి ఫేజర్. అభిమానులు అసాల్ట్ ఫేజర్ అంటారు. ఆరో సినిమాలో వాలెరిస్ అనే అధికారిణి నౌక వంటగదిలో ఒక గిన్నెను కాల్చి మాయం చేస్తుంది, వెంటనే అలారం మోగుతుంది. నౌకలో అనుమతి లేకుండా ఆ స్థాయిలో కాలిస్తే తెలిసిపోతుందని అలా చూపిస్తుంది. బరువైన, పిస్తోలు లాంటి రూపం కావాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. రెడీమేడ్‌గా దొరకడం అరుదు, ఎక్కువగా అభిమానులు చేసిన కిట్లే.

2001లో మొదలైన ఎంటర్‌ప్రైజ్ సీరియల్‌లో ఫేజ్ పిస్టల్ ఉంది. రెండే సెట్టింగులు, స్టన్, కిల్. సరళంగా ఉంటుంది. త్రీడీ ప్రింటింగ్ నేర్చుకునేవాళ్లు మొదట ఇది చేసి చూడొచ్చు. 2009 సినిమాలో ఫేజర్ గొట్టం తిరిగి స్టన్‌కి నీలం, కిల్‌కి ఎరుపు వస్తుంది. పదేళ్లలోపు పిల్లలకి అంతకంటే ఆనందం ఇచ్చేది లేదు. క్లింగాన్ అనే గ్రహాంతర జాతి వాడే డిస్రప్టర్ ఆయుధాలు మీరు క్లింగాన్ వేషం వేస్తేనే తీసుకోండి.

రైఫిళ్ల జోలికి మొదటిసారే వెళ్లకండి. రెండో పైలట్ కోసం బొమ్మల రూపకర్త రూబెన్ క్లామర్ చేసిన ఫేజర్ రైఫిల్ తెరమీద ఒక్కసారే కనపడింది. అది 2013లో వేలంలో 2,31,000 డాలర్లు పలికింది. దాని రెప్లికాలు చాలా అందంగా ఉంటాయి గానీ పెట్టుకోవడానికి గోడ కావాలి.

కొనాలా, చేసుకోవాలా

ఇంటి దగ్గర త్రీడీ ప్రింటర్ ఉన్నా, లేకపోతే ఊళ్లో ప్రింట్ చేసిచ్చే షాపు ఉన్నా, ఫేజర్ చేసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. కష్టమంతా ప్రింట్ అయ్యాకే. పొరల గీతలు పోవాలంటే ముందు 120 నంబరు గరుకు కాగితం, తర్వాత 240, తర్వాత 400. మధ్యలో గీతలు పూడ్చే ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ రుద్దాలి. ఈ పని మూడు నాలుగు సార్లు చేస్తే తప్ప నునుపు రాదు. ఒక్కసారి రుద్ది రంగు కొట్టేసేవాళ్లు ఎక్కువ, అందుకే దూరం నుంచే అది ప్రింటని తెలిసిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం స్ప్రే రంగు కొడితే గాలిలో తేమకు పైన తెల్లటి పొర వస్తుంది. ఎండ ఉన్న రోజు పొద్దెక్కాక కొట్టండి.

ప్లాస్టిక్ విషయంలో నేను దెబ్బతిన్నాను. మొదటిసారి నెక్స్ట్ జెనరేషన్ ఫేజర్‌ను పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ వాడి చేయించాను. నెలన్నర పని. మే నెలలో ఒక మధ్యాహ్నం, హైదరాబాద్‌లో ఎండలో ఆపిన కారు వెనకసీట్లో వదిలేశాను. తిరిగొచ్చేసరికి మొన కిందకి వాలిపోయి ఉంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మూసిన కారులో ఎండ పడేచోట అంత వేడి రావడం మన ఎండాకాలంలో మామూలే. పీఈటీజీ అనే ఇంకో రకం 80 డిగ్రీల దాకా ఆగుతుంది. ధరలో తేడా కొంచెమే. మన ఊళ్లలో ఉండేవాళ్లు పీఈటీజీయే తీసుకోండి.

మోడల్ కిట్లు ఇష్టపడేవాళ్లకి ఇంకో దారి ఉంది. కిట్లు చేసే ఏఎంటీ కంపెనీ 1974లో ఫేజర్, కమ్యూనికేటర్, ట్రైకార్డర్ మూడూ కలిపి ఒక కిట్ తెచ్చింది. తర్వాత మళ్లీ విడుదల చేశారు. అసలు కొలతకంటే కాస్త చిన్నవి. నడుముకు పెట్టుకోవడానికి పనికిరావు గానీ, జిగురు, బ్లేడు, చిన్న బ్రష్షుతో సాయంత్రాలు గడపడానికి ఎంతో బాగుంటాయి.

విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు

అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు మనలో ఎక్కువ. వాళ్లకు ముందే చెప్పండి, క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దని. బొమ్మదైనా తుపాకీ రూపంలో ఉంటే విమానాశ్రయంలో ఆపేస్తారు. చెకిన్ బ్యాగులో వేయాలి, విడి లిథియం బ్యాటరీలుంటే అవి మాత్రం చేతి బ్యాగులో. పార్శిల్‌లో తెప్పించుకుంటే కస్టమ్స్ లెక్క చూసుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర కూడా తప్పనిసరి. చవగ్గా వస్తుందని ఆర్డరిస్తే చివరికి ఇక్కడ చేయించుకున్నదానికంటే ఎక్కువ అవుతుంది. నాకు ఒక పార్శిల్ మూడు వారాలు ఆగిపోయింది, ఆ టెన్షన్ వేరు.

హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి చోటికి వేషంతో వెళ్లేవాళ్లు ప్రాపుల నియమాలు ముందే చదువుకోండి. మెట్రోలో వెళ్తుంటే ఫేజర్‌ను బట్టలో చుట్టి పెట్టెలో పెట్టండి, స్కానర్ దగ్గర అడగకముందే చెప్పండి. ఈ విషయంలో నెక్స్ట్ జెనరేషన్‌ది నయం, చూడగానే తుపాకీ అనిపించదు. తగిలించుకునే తీరు కూడా చూడండి. పాత సీరియల్‌లో ఫేజర్‌ని వెల్క్రోతో నడుముకు అతికించారు. మీరూ అలాగే చేస్తే ఫోటోల్లో అచ్చం అలాగే ఉంటుంది, కానీ జనంలో తోపులాటలో ఊడిపడుతుంది. వెల్క్రోతో పాటు లోపల ఒక సన్నటి తాడు కట్టుకోండి.

ఇక మీకు ఏది

బీరువాలో పెట్టుకుని ఏళ్లతరబడి చూసుకోవాలంటే పాత సీరియల్ ఫేజర్, వాండ్ కంపెనీది దొరికితే అదే. దొరికేదాకా ఆగండి, మధ్యలో చవకది కొని డబ్బు ఖర్చు చేయకండి. వేషం వేసుకుని రోజంతా తిరగాలంటే నెక్స్ట్ జెనరేషన్‌ది, తేలిక కాబట్టి. చేతిపని ఇష్టమైతే ఫేజ్ పిస్టల్‌తో మొదలుపెట్టి, చేయి తిరిగాక అసాల్ట్ ఫేజర్‌కు వెళ్లండి.

రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్లకి నేను చేసిన పరీక్ష చెబుతాను. మా తమ్ముడి కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి పాతదీ కొత్తదీ రెండూ బల్లమీద పెట్టి వదిలేశాను. కొత్తదాన్ని తీసుకుని బటన్ నొక్కి, శబ్దం విని, పక్కన పెట్టాడు. పాతదాన్ని తీసుకుని పైన ఏదో కదులుతోందని గమనించి చిన్న ఫేజర్‌ను ఊడదీశాడు. కళ్లు పెద్దవయ్యాయి. "పెదనాన్నా, దీంట్లో ఇంకోటి ఉంది!" అని అరిచాడు. ఆ తర్వాత అరగంట దాన్ని పెట్టడం, తీయడం, జేబులో దాచుకోవడం. "ఇది చంపుతుందా?" అని అడిగితే, "మర ఎక్కడుందో చూడు" అన్నాను. మెల్లగా తిప్పుకుంటూ స్టన్ దగ్గరికి తెచ్చి పెట్టి, "ఇప్పుడు నిద్రపోతారంతే కదా" అన్నాడు. మీ చేతిలో ఏది అలా మళ్లీ మళ్లీ తిరుగుతుందో అది తీసుకోండి.

ఏది కొన్నా, బీరువాలో పెట్టే ముందు తీయగలిగిన బ్యాటరీలు తీసేయండి. ఏడాది తర్వాత కారిపోయిన బ్యాటరీ లోపలి తీగలను తినేస్తే బాగుచేయించడం చాలా కష్టం. రీఛార్జబుల్ రకమైతే రెండు మూడు నెలలకోసారి సగం దాకా ఛార్జి చేసి పెట్టండి.